నాన్న ఆటగాళ్ల పుస్తకం

నాన్న బంతి తన్నగా నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం కింద పడి ఆయన కుడికాలు కొంచెం వంకరపోయింది. అయినా విజయనగరంలో మా పేట ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆటగాళ్లని వెతికి తెచ్చేది ఆయనే. ఒక మిల్లు తరఫున గోగునార కొనడానికి ఊళ్లు తిరగడం ఆయన ఉద్యోగం. సాయంత్రం పని అయిపోయాక బస్సు వచ్చేదాకా ఖాళీయే. ఆ ఖాళీలో ఊరి బయట కుర్రాళ్లు ఆడుతుంటే చూస్తూ నిలబడేవారు.

నాన్న రాత ఆయనకే అర్థం కాదు. అందుకని ఇంటికి రాగానే ఆయన చెప్పడం, నేను రాయడం. అట్ట వేసిన ఒకే పుస్తకం. ముందునుంచి నాన్న ఆటగాళ్లు, తిరగేసి వెనకనుంచి నా డైరీ. వెనకవైపు సంగతి నాన్నకి తెలుసు. ఎప్పుడూ ఆ వైపు తెరవలేదు.

“రాయమ్మా. పొందూరు. నేతపని. వానలు పడితే మగ్గం గుంటలోకి సెమ్మ సేరతాది, నేత సాగదు. అప్పుడు రాగలడు. సెల్లెలి పెళ్లి మాఘంలో, అప్పుడు అడక్కూడదు.”

“ఆట ఎలా ఆడతాడో రాయొద్దా నాన్నా?”

“అది నాకు గుర్తుంటాది. ఎప్పుడు రాగలడో, ఆళ్లమ్మకి నేనేటి మాటిచ్చేనో, అవే మర్సిపోతాను.”

రైతు ఇంటికి వెళితే నాన్న అడిగే మొదటి ప్రశ్న, చెరువు నీరు మీ మడికి ముందొస్తుందా, ఆఖర్న వస్తుందా అని. ఆఖరి మడులవాళ్లు నాట్లు ఆలస్యంగా వేస్తారు కాబట్టి శ్రావణంలో మా ఊళ్లో జరిగే పోటీలకి ఖాళీగా ఉంటారు. సముద్రపు ఒడ్డువాళ్లు గాలులు తిరిగి తెప్పలు దిగనప్పుడు ఖాళీ. ఇలా అందరి తీరికా ఒకేసారి కలిసేటట్టు ఆయన జట్టు కూర్చేవారు. నేను గుమ్మం దాటి మైదానం దాకా వెళ్లిన మనిషిని కాను. ఆ పదకొండు మందిలో ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు. వాళ్ల మడులు, మగ్గాలు, వాళ్ల అమ్మల షరతులు మాత్రం కంఠతా వచ్చు.

రెండేళ్ల కిందట క్లబ్బుకి కొత్త సెక్రెటరీ వచ్చారు. ప్లీడరు, చురుకైన మనిషి. ఆ ఏడు జ్యేష్ఠమాసంలో కమిటీ మా అరుగు మీదే కూచుంది. నేను కిటికీ లోపల బియ్యం ఏరుతున్నాను.

“మీరు ఆడరు, ఆట నేర్పరు. వెతకడానికే ఒక మనిషి కావాలంటారా?” అన్నారు ప్లీడరుగారు. “ఒక్కరోజు అందర్నీ పిలిచి ఆడించి చూస్తే సరిపోదా? మంచివాడెవడో కళ్లకి కనబడతాడు.”

“కనబడతాడు బాబూ. రేపు వానొస్తే కనబడతాడా?” అన్నారు నాన్న.

“వానలోనే ఆడతారు. బురద వాళ్లకేమైనా కొత్తా?”

అందరూ నవ్వారు. నాన్నా నవ్వారు. ఆ రాత్రి అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నారు. మర్నాటినుంచి పుస్తకం తియ్యమనలేదు. నాలుగేళ్లు తిరిగి కూర్చిన పని చేతిలోంచి జారిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది.

ప్లీడరుగారు అన్నమాట ప్రకారం ఆడించి చూసి పదకొండు మందిని ఎంచారు. అందరూ పొడుగైనవాళ్లు, ఎద్దుల్లా బలమైనవాళ్లు అని ఊరంతా చెప్పుకుంది. తొమ్మిదిమంది చెరువు నీరు ముందందే పల్లం భూముల రైతులే. పోటీలకి నాలుగు రోజుల ముందు ముసురు పట్టింది. చెరువులు నిండాయి. తొమ్మిదిమందీ ఒకే కబురు పంపారు, ఉభాలు అయ్యాక వస్తాం, నారు ముదిరిపోతోంది అని. మా వైపు వరినాట్లని ఉభాలంటారు.

ఆ మధ్యాహ్నం ప్లీడరుగారు సైకిలు మీద తడుస్తూ నాన్న పుస్తకం కోసం మా గుమ్మంలోకి వచ్చారు. నాన్న గోగు చేలు ఎలా మొలిచాయో చూడడానికి రాజాం వైపు వెళ్లారు. మూడు రోజుల దాకా రారు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు.

“ఒసే, నువ్వే మాటాడు. ఆ పుస్తకంలో ఏటున్నాదో నాకేటి తెలుసును.”

నేను తలుపు వెనక నిలబడ్డాను. ఊరుకుంటే నాన్న అన్నమాటే నిజమవుతుంది, క్లబ్బు నవ్వులపాలవుతుంది. చెబితే నాన్ననడగకుండా ఆయన మాట నేను వాడినట్టవుతుంది. పుస్తకంలోవాళ్లు వచ్చి ఆడలేకపోతే ఇక నాన్నని ఎవరూ అడగరు. చివరికి నాన్నకి తను గెలవడం కంటే జట్టు ఆడడమే ఎక్కువ ఇష్టమని తోచింది.

“రాసుకోండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“పుస్తకం ఇలా ఇచ్చెయ్యమ్మాయ్, చూసుకుని పంపించేస్తాను.”

“ఇవ్వను.”

ఆయన కండువాతో మొహం తుడుచుకుని జేబులోంచి కాగితం తీశారు. పొందూరునుంచి ఇద్దరు, ఆఖరి మడుల రైతులు ముగ్గురు, మిల్లులో రాత్రి షిఫ్టువాళ్లు ఇద్దరు, సముద్రపు ఒడ్డునుంచి నలుగురు. ఒక్కొక్కరి షరతూ చదివాను. “గోల్‌కీపరు అమావాస్య మర్నాడు ఇంటి దగ్గర ఉండాలి. ఆ రోజు మళ్లీ తెప్ప దింపుతారు. అతను లేకపోతే తెప్ప మీద వాళ్ల బావ ఒంటరివాడైపోతాడు.”

“సరే, సరే. అందరికీ ఉత్తరాలు రాసేస్తాను.”

“ఉత్తరానికి రారు. మీరే వెళ్లి వాళ్లమ్మలని అడగాలి.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సైకిలు బస్సు మీద వేయించుకుని బయల్దేరారు. రెండు రోజులు తిరిగారు. ఇసకలో సైకిలు భుజాన మోశారని తరవాత తెలిసింది. పదకొండు మందీ వచ్చారు.

నాన్న తిరిగొచ్చేసరికి మావాళ్లు మొదటి ఆట గెలిచారు. నేను చేసింది చెప్పాను. ఆయన చెప్పులు విడవకుండానే మైదానానికి వెళ్లిపోయారు. రెండోదీ గెలిచారు, మూడోదీ గెలిచారు. ఈలోగా ఒకరోజు కుండపోతగా కురిసి ఆఖరి ఆట ఒకరోజు వెనక్కి జరిగింది. అది సరిగ్గా అమావాస్య మర్నాడు పడింది.

ముందురోజు ప్లీడరుగారు మళ్లీ మా అరుగు మీద.

“ఒక్కరోజు. నేనే వెళ్లి వాళ్ల బావతో మాట్లాడతాను.”

“ఆళ్ల బావతో కాదు బాబూ, ఆళ్లమ్మకి నేను మాటిచ్చేను,” అన్నారు నాన్న. “ఈ ఏడు ఉంచేస్తే కప్పు వస్తాదేమో. పై ఏడు ఆ ఒడ్డునుంచి ఒక్కడూ రాడు.”

“గోల్లో ఎవరుంటారు మరి?”

“పొందూరు ఇద్దర్లో పెద్దాడున్నాడు. మగ్గం మీద ఆడి సేతులు ఎప్పుడూ కదుల్తానే ఉంటాయి. ఆడి సోట్లో మీరెంచినోడొకడు ఆడతాడు.”

సాయంత్రం బస్సుకి ముందు గోల్‌కీపరు మా ఇంట్లో భోంచేశాడు. నా పుస్తకంలో అతను రెండు వరుసలు. ఎదురుగా పెద్ద పెద్ద అరచేతులున్న నల్లటి మనిషి, తలొంచుకుని చారన్నం తింటున్నాడు. నేను నెయ్యి వేయడానికి వెళితే అడిగాడు.

“మా అమ్మ సెప్పినాదంతా రాసింది నువ్వేనా సెల్లీ?”

తలూపాను.

“పిలవడానికొచ్చిన బాబు ఆ రోజు సంగతి తనే ముందు సెప్పీసరికి మాయమ్మకి నమ్మకం కుదిరింది. అందుకే పంపింది.”

నాన్న అతనితో బస్సు స్టాండు దాకా వెళ్లి, బస్సు కదిలాకే ఇంటికొచ్చారు.

ఆఖరి ఆట ఒక్క గోలుతో ఓడిపోయాం. పొందూరువాళ్లలో పెద్దవాడు నాలుగు ఆపాడని, అయిదోది చేతులకి తగిలి జారిందని నాన్న చెప్పారు. చెబుతూ కాళ్లు కడుక్కుని పీట వేసుకున్నారు. ఆ రాత్రి రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నారు.

వారం తరవాత ప్లీడరుగారు వచ్చారు. ఈసారి అరుగు మీద కూచోకుండా గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తూ అన్నారు.

“అమ్మాయ్, వచ్చే ఏడు పోటీలు ఎప్పుడు పెట్టుకోమంటావు? మీ నాన్న నిన్నే అడగమన్నారు.”

పుస్తకం చూసి చెప్పాలన్నాను. ఆయన చంకలోంచి కొత్త పుస్తకం ఒకటి తీసి కిటికీ గట్టు మీద పెట్టారు. మంచి కాగితం, ఎర్ర అట్ట.

“ఇది క్లబ్బుది. ఆటగాళ్లని ఇందులోకి ఎక్కించు. పాతది నువ్వే ఉంచుకో.”

ఆయన వెళ్లాక నాన్న కొత్త పుస్తకం వాసన చూసి నాకిచ్చారు.

“రాయమ్మా. మొదటి పేజీ. ప్లీడరుగారు. ఆట తెలీదు. సైకిలు బాగా తొక్కుతారు. కోర్టు సెలవుల్లో రాగలరు.”

నేను అలాగే రాశాను.