మూసాపేట నుంచి నార్సింగికి సైకిల్ మీద, మధ్యలో పోలీస్ స్టేషన్

ఈ ప్రయాణం మా ఆఫీసు క్యాంటీన్‌లో పుట్టింది. హైటెక్ సిటీలో సైక్లిస్టులే లేరని మా టీమ్ లీడ్ అన్నాడు. లేకపోవడమేంటి, రోజూ క్యాబ్ అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను కదా అన్నాను. "వాళ్లు సైక్లిస్టులు కాదు మేడం, సైకిల్ మీద పనికి పోయేవాళ్లు" అన్నాడు. ఆ తేడా ఏమిటో ఎంత ఆలోచించినా నాకు బోధపడలేదు. మాది కడప. ఏదైనా అర్థం కాకపోతే అర్థమయ్యేదాకా నిద్రపట్టని జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. అందుకే ఒక శుక్రవారం సెలవు పెట్టి, మా తమ్ముడి గేర్ల సైకిల్ తీసుకుని బయల్దేరాను.

పొద్దున ఆరింటికి మూసాపేట మెట్రో స్టేషన్ దగ్గర మొదలుపెట్టాను. కూకట్‌పల్లి, కైతలాపూర్ వంతెన, మాదాపూర్, సైబర్ టవర్స్, బయోడైవర్సిటీ కూడలి, ఖాజాగూడ, చివరికి నార్సింగి. అటూ ఇటూగా ఇరవై కిలోమీటర్లు. ఆరున్నరకల్లా మాదాపూర్ చేరితే రోడ్డు మనదే. ఏడు దాటిందా, కంపెనీ బస్సులు మొదలవుతాయి. పెద్ద ఫ్లైఓవర్ల జోలికి పోకుండా కింది రోడ్డునే పట్టుకోండి. దారంతా ఎవరెవరు సైకిల్ తొక్కుతున్నారా అని లెక్కపెడుతూ పోయాను. ఖాజాగూడ చేరేసరికి ఇరవై ఆరుగురు. సెక్యూరిటీ వాళ్లు, పెయింటర్లు, పాల ప్యాకెట్లు వేసేవాళ్లు. ఒక్కరికీ హెల్మెట్ లేదు, అందరి హ్యాండిల్‌కీ టిఫిన్ డబ్బా వేలాడుతోంది.

ఖాజాగూడ చెరువు దగ్గర బండి మీద ఇడ్లీ నలభై, చాయ్ పదిహేను. అల్లం చట్నీ మాత్రం అదిరింది. అక్కడే యాదయ్య పరిచయమయ్యాడు. నలభై దాటిన మనిషి, నారాయణపేట వైపు ఊరు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ, ఎనిమిదింటి షిఫ్టు. యూనిఫాం మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడు, చెమటకు పాడవుతుందట. గేటు దగ్గర పనేముంటుందన్నా అని అడిగాను.

"ఏముంటది మేడం, వచ్చిన బండి నంబరు, టైము రిజిస్టర్ల రాసుడు. రాసి రాసి ఇగ అలవాటైపోయింది. కండ్ల వడ్డదంటే మర్వ."

నమ్మబుద్ధి కాలేదు. చాయ్ తాగుతున్నంతసేపట్లో మా ముందు నుంచి వెళ్లిన పది బండ్ల నంబర్లు వరసగా అడిగితే, గడగడా అప్పజెప్పాడు. మనిషి కాదు బాబోయ్, సీసీ కెమెరా! "నా ఎంబడి రాండ్రి, తొవ్వ చూపిస్త" అన్నాడు. వెనకే బయల్దేరాను.

నానక్‌రామ్‌గూడ వైపు తిరిగాక ఒక తెల్ల కారు మా వెనక ఆపకుండా హారన్ కొట్టింది. ఎడమవైపు కాలిబాట రాళ్లు, తప్పుకునే చోటే లేదు. కారు నన్ను దాటి, ముందున్న యాదయ్య పక్కకు పోయి, అద్దం దించింది. "రోడ్డు నీ అబ్బ సొమ్మనుకున్నావా?" అని అరిచి, ఆ మనిషి స్టీరింగు కావాలనే ఎడమకు తిప్పాడు. నా కళ్లారా చూశాను. కారు పక్క అద్దం హ్యాండిల్‌కు తగిలి యాదయ్య రాళ్ల మీద పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, ముందు చక్రం వంకరపోయింది. కారు ఆగనే లేదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, నోటికొచ్చినట్టు తిట్టాను.

"నంబరు చూస్తివా అన్నా?"

"చూడలే మేడం."

"ఇప్పుడే కదన్నా పది నంబర్లు చెప్తివి!"

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. దెబ్బకు బిత్తరపోయాడేమో అనుకుని, ఇంకేమీ అడగకుండా వందకు ఫోన్ కొట్టాను. పావుగంటలోపే ఇద్దరు కానిస్టేబుళ్లు బండి మీద వచ్చారు. పోలీసులు అసలు వస్తారా అని అనుమానపడ్డ నేను నాలుక కరుచుకున్నాను.

"ఏం కారు మేడం?" అన్నాడు పెద్ద కానిస్టేబుల్.

"తెల్లది."

"తెల్లది అంటే హైదరాబాద్ల సగం గవే."

అప్పుడు యాదయ్య నా దగ్గరకు జరిగి గుసగుసగా అన్నాడు. "అక్కా, ఊకోరాదు జర. గా సారు మా ఆఫీసాయననే. దినాం నేనే గేటు తీస్త. చెప్పిన్ననుకో, నా నౌకరి ఉంటదా?"

ఎంత పని చేశాను! వదిలేయండి సార్, వెళ్లిపోతాం అన్నాను.

"ఫోన్ చేసింది మీరే, ఒద్దంటున్నది మీరే" అని కానిస్టేబుల్ విసుక్కుని, యాదయ్య వైపు తిరిగాడు. "పడ్డది నువ్వు గదనే. నువ్వు చెప్పు, ఏం చేద్దాం?"

ఆ మాట నేను ఒక్కసారైనా అడగలేదు. యాదయ్య వంకరపోయిన చక్రాన్ని ఒకసారి తిప్పి చూశాడు. "రేపు మల్ల ఇదే తొవ్వల రావాలె సార్. ఆయన గూడ ఇదే తొవ్వ" అన్నాడు. తర్వాత నంబరు ఒక్కో అక్షరం విడమరచి చెప్పాడు. చలాన్లు రాసే మెషిన్‌లో కొట్టగానే ఓనరు పేరు, ఫోన్ నంబరు వచ్చేశాయి.

స్టేషన్‌లో ఫిర్యాదు యాదయ్యే రాశాడు. సమయం ఏడు ముప్పై నాలుగు, స్థలం, బండి నంబరు, రంగు. గేటు రిజిస్టర్ రాసినట్టే గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. సైకిల్ వాళ్ల ఫిర్యాదులు ఎన్ని వస్తాయని ఎస్సైని అడిగాను. "ఎక్కడొస్తయి మేడం? పడ్తరు, లేస్తరు, డ్యూటీకి పోతరు" అన్నాడు. అద్దం దించి తిట్టినందుకు చలాన్ ఉండదట, గుద్దినందుకు మాత్రం కేసు ఉంటుందట.

ఎస్సై ఫోన్ చేస్తే తొమ్మిదింబావుకు కారు మనిషి వచ్చాడు. మెడలో ఐడీ కార్డు, ముఖంలో కంగారు. నేరుగా నా దగ్గరకే వచ్చాడు. "వెరీ సారీ మేడం, మీటింగ్‌కి లేటవుతోందని కొంచెం తొందరపడ్డానండి."

"పడ్డది ఆమె కాదు" అన్నాడు ఎస్సై.

ఆయన గదంతా చూశాడు. బెంచీ మీద మోకాలికి గుడ్డ కట్టుకుని కూర్చున్న మనిషి మీదుగా ఆయన చూపు రెండుసార్లు పోయింది. యాదయ్య లేచి నిలబడ్డాడు. "నేను సార్. మీ రెండో గేటు యాదయ్యను. మూడేండ్ల సంది మీ కారుకు గేటు తీస్తున్న."

ఎస్సై కేసు రాసుకున్నాడు.

నార్సింగి చేరేసరికి మధ్యాహ్నమైంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు కింద సైకిల్ ట్రాక్ నిజంగానే బాగుంది, నీడ, నున్నటి దారి. ఆ వేళలో తొక్కుతున్నవాళ్లు ఇద్దరే, ఇద్దరూ సైకిళ్లను కార్ల వెనక కట్టుకుని తెచ్చుకున్నారు. మా టీమ్ లీడ్ చెప్పిన తేడా ఏమిటో అక్కడ అర్థమైంది, అర్థమై ఒళ్లు మండింది.

సోమవారం యాదయ్యకు ఫోన్ చేశాను. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు అతన్ని కోకాపేట సైట్‌కు మార్చారట, రోజూ నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. నావల్లే అన్నా అని ఏడుపు గొంతుతో మొదలుపెట్టాను. "గట్లనకక్కా. నువ్వు ఫోన్ చేసినవ్, గంతే. నంబరు చెప్పింది నేను" అన్నాడు. ఆ గొంతులో పశ్చాత్తాపం ఏమైనా ఉందేమోనని వెతికాను, లేదు. కేసు ఏమవుతుందో తెలియదు. ఆ రోజు ధైర్యం చేసింది నేనేనని ఆ ఫోన్ దాకా అనుకున్నందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: ఎవరినైనా కారు గుద్దితే నంబరు రాసుకోండి, దెబ్బకు కట్టు కట్టండి, వందకు ఫోన్ చేసే ముందు కిందపడ్డ మనిషిని "చేయమంటావా?" అని అడగండి.