నాందేడ్‌లో లంగరు

2012 వేసవిలో, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక యాత్రల ఆఫీసులో బుకింగ్ కిటికీ దగ్గర కూర్చునే నాకు టూర్ మేనేజరుగా బాసర–నాందేడ్ బస్సు అప్పజెప్పారు. బస్సులో డ్రైవరు కన్నా పై హోదా అది. తలల లెక్క మేనేజరుదే. "ఒక్కరు తప్పిపోయినా మళ్ల కిటికీ కాడికే పోతవ్" అన్నాడు ఓనరు.

సగం మంది ఎల్బీనగర్‌లో ఉండే నల్గొండ వాళ్లు, సగం మంది కొత్తపేటలో స్థిరపడ్డ కోస్తా వాళ్లు. నాందేడ్ దగ్గరపడుతుంటే ఆగలేక మైకు అందుకున్నాను. సిక్కుల అయిదు తఖ్తుల్లో, అంటే అధికార పీఠాల్లో, ఈ ఊరి గురుద్వారా ఒకటి. పదో గురువు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే తనువు చాలించారు. ఇకపై మనిషెవరూ గురువు కాదు, గ్రంథమే గురువని చెప్పిందీ ఇక్కడే. అందుకే ఆ గ్రంథానికి రాజుకు వీచినట్టు వింజామర వీస్తారు. చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది.

"దర్శనమైనంక అందరూ లంగర్ కాడికి రావాలె, సమజైందా?" అన్నాను. అందరూ తలూపారు. ఫోన్లు బస్సులోనే పెట్టించాను.

తీరా లెక్క చూస్తే నల్గొండ వాళ్లందరూ ఉన్నారు, కోస్తా వాళ్లు ఒక్కరూ లేరు! నా కొత్త ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను. మా డ్రైవరుది రాజమండ్రి. సంగతి విని పకపకా నవ్వాడు. "మావైపు లంగరంటే పడవని ఆపేదండీ బాబూ! గోదారి గట్టు మీద చూడండి."

లంగర్‌హౌజ్ అనే పేటే ఉన్న ఊరివాణ్ని, నాకు పడవ లంగరు తడితే ఒట్టు. ఒకటే ఉరుకు. రేవులో అందరూ వరసగా నిలబడి నీళ్లకేసి చూస్తున్నారు. రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ నా మీద విరుచుకుపడింది. "ఏదయ్యా లంగరు? అసలు పడవే లేదు!"

"అమ్మా, లంగరంటే ఊరికే అన్నం పెట్టే చోటు."

"అన్నమా! ఆ ముక్క ముందే ఏడవచ్చుగా, ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి!"

వేళ దాటిందేమోనని భయపడుతూనే తీసుకెళ్లాను. గుమ్మంలో ఉన్న సేవకుడు ఇది మూసేది కాదు, కూర్చోండి అన్నాడు. అక్కడ కులం అడగరు, హోదా చూడరు. అందరికీ నేల మీద ఒకటే వరస. మా టీచరమ్మ, డ్రైవరు, నేను పక్కపక్కనే కూర్చుని రొట్టె, పప్పు తిన్నాం. తలల లెక్క సరిపోయింది. సంతోషం పట్టలేక నాలుగు రొట్టెలు ఎక్కువే లాగించాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మైకులో "సమజైందా" అని అడగలేదు. అడిగితే అందరూ తలూపుతారు. ఏం సమజైందో చెప్పమంటేనే అసలు సంగతి బయటపడుతుంది.