మోటారు స్వీకరించిన సవాళ్లు

ఒకప్పుడు నేను మూఢనమ్మకాల మీద యుద్ధం ప్రకటించి, ఆ యుద్ధాన్ని తిన్నగా మా మేనత్త వేరుశనగ చేలోకి నడిపించి, పంటను పీకల్లోతు నీళ్లలో నిలబెట్టాను. శత్రువుకు ఒక్క గాయం కాలేదు. నవ్వదలచుకున్నవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మా అత్త ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది కాబట్టి నాకు బాగా అలవాటు.

పుదుచ్చేరిలో పూలమ్మేవాళ్ల చేతికి కూడా సెల్‌ఫోన్లు వచ్చేసిన రోజులవి. మాట్లాడితే డబ్బు పోతుందని జనం మిస్డ్ కాల్‌తోనే సంసారాలు నడిపేవారు. ఒకసారి మోగితే బయల్దేరానని, రెండుసార్లు మోగితే అన్నం వండేయమని అర్థం. నాకప్పుడు ముప్పయ్యేళ్లు. హేతువాద సంఘానికి కార్యదర్శిని. సంఘంలో మేం ఏడుగురం. వాదించేవాణ్ని నేను, టీ తాగేవాళ్లు మిగతా ఆరుగురు. ఆకలికీ అనావృష్టికీ మోకాలి నొప్పికీ విజ్ఞానం ఒక్కటే మందని ప్రతి సభలోనూ బల్ల గుద్ది చెప్పేవాణ్ని. ఈ మాట ఇప్పటికీ అంటాను. బల్ల గుద్దడం మాత్రం తగ్గించాను.

ఆ మోకాలు మా అత్త రాజమ్మది. పుదుచ్చేరికి దగ్గర్లోని ఏంబలం అనే పల్లెలో ఆమె ఇంటికీ చేనుకీ మధ్య పొడవాటి గట్లు మూడున్నాయి. మోటారుకు కావలసిన త్రీఫేస్ కరెంటు దాని ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది. వచ్చినప్పుడల్లా అత్త మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి పంపుసెట్టు వేసి రావాలి. ఆ ఏడు వేసింది విత్తనాల పంట. పన్నెండు ఇళ్లవాళ్లకు విత్తనం ఇస్తానని మాట ఇచ్చేసింది కూడా.

తట్టాంచావడిలో చిన్న వర్క్‌షాపు నడిపే నా స్నేహితుడు రంగనాథం ఒక ఉపాయం చేశాడు. పాత ఫోన్ ఒకటి తెచ్చి, అది మోగినప్పుడు దాన్ని వణికించే తీగలను బయటికి లాగి మోటారు స్టార్టరుకు కలిపాడు. అంతటినీ ఒక రేకుపెట్టెలో పెట్టి బిగించాడు. ఇంట్లో కూర్చుని ఆ ఫోన్‌కు ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, చేలో మోటారు గంటసేపు తిరిగి దానంతటదే ఆగుతుంది.

"ఎవురు చేసినా తిరగతాదప్పా. నంబరు మాత్రం బయట పడనీయొద్దు" అన్నాడు రంగనాథం.

"నేనేమైనా చిన్నపిల్లవాణ్నా?" అన్నాను.

ఆ రోజే నేను రెండు సిమ్ కార్డులు కొన్నాను. ఒకటి మోటారుకు, ఒకటి సంఘానికి. రెండు నంబర్లనూ రెండు చీటీల మీద రాసి ఒకే జేబులో పెట్టుకున్నాను. తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. మీకు ఒక్క వాక్యం పట్టింది. నాకు ఇరవై రోజులు పట్టింది.

సంఘం తరఫున కరపత్రం అచ్చు వేయించాను. తెలుగులో వేస్తే మా తెలుగువాళ్లే చదవలేరు కాబట్టి అరవంలో వేయించాను. "మంత్రాలకు మహిమ ఉందనే వారికి బహిరంగ సవాలు. దమ్ముంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని సారాంశం. దాని కింద, వేలెడంత అంకెలతో, అత్త మోటారు నంబరు. ఆదివారం సంతలో నిలబడి పెళ్లిపత్రికలు పంచినంత సంతోషంగా వెయ్యి కాగితాలు పంచాను.

మంగళవారం అత్త ఫోన్ చేసింది.

"ఒరే, నేను ఫోను చెయ్యకనే మోటారు ఆడతా ఉండాదిరా."

"ఓల్టేజి అత్తా."

"ఓల్టేజి ఫోను చేస్తాదా?"

"అది ఎక్కువా తక్కువా అవుతుంటుంది. నీకు అర్థం కాదులే."

నాకూ అర్థం కాలేదని వేరే చెప్పనక్కర్లేదు. కానీ గొంతులో ఎంత నమ్మకమంటే, నా మాట విని నేనే ధైర్యం తెచ్చుకున్నాను.

రెండో ఆదివారం కూడా సంతలో కరపత్రాలు పంచి వచ్చాక మోటారు మరీ చెలరేగింది. అత్త రోజుకు నాలుగుసార్లు నడిచి వెళ్లి దాన్ని ఆపుతోంది. నడక తప్పించడానికి తెచ్చిన యంత్రం ఆమెకు నడక పోటీలు పెట్టిందన్నమాట. చివరికి ఫ్యూజు పీకేసింది. నేను వెళ్లేసరికి గట్టు మీద పక్క చేను గోవిందు చిన్నాయన కూర్చుని ఉన్నాడు.

"ఊరి పొలిమేర కాసే దేవుడు మునీశ్వరుడు స్నానానికి వస్తా ఉండాడురా. ఒక కోడి కోస్తే సరిపోతాది" అన్నాడు.

ఎండలో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. కారణం లేనిదే ఏ పనీ జరగదని, ప్రశ్నించనివాడు మనిషే కాడని చెప్పాను. చిన్నాయన ఓపిగ్గా విన్నాడు.

"సరి. ఇప్పుడు ప్రశ్నిస్తా ఉండా. కారణమేంది?"

"ఓల్టేజి."

"నాది మునీశ్వరుడు, నీది ఓల్టేజి. రెండూ మన కంటికి కనపడవు. నాదానికి కోడి కావాల, అంతే తేడా."

ఆ దెబ్బకు నేను ఆలోచించాల్సింది. నేను చేసిందేమిటంటే, ఫ్యూజు తీసుకెళ్లి తిరిగి పెట్టడం. "భయపడి ఆపేస్తే ఊరంతా మునీశ్వరుడే గెలిచాడంటుంది అత్తా" అన్నాను. అత్త నా వైపు చూసినట్టు, కూర మాడ్చిన కోడలి వైపు కూడా ఎవరూ చూడరు.

అదే వారం సంఘం సమావేశంలో సంఘం ఫోన్‌ను బల్ల మధ్యలో పెట్టి ప్రకటించాను. "ఇన్ని రోజులైంది. ఒక్క కాల్ రాలేదు. మూఢనమ్మకం నోరు మూసుకుంది." ఆరుగురూ టీ గ్లాసులు కింద పెట్టి చప్పట్లు కొట్టారు.

మూడో వారం అత్త నన్ను చేనుకు రమ్మంది. పంపుసెట్టు గది గోడ నిండా బొగ్గు గీతలున్నాయి. ఆమెకు చదువు రాదు, గీతలు వచ్చు.

"ఈ నిలువుగీతలు నేను ఫోను చేసినవి. అడ్డగీతలు దానంతటది ఆడినవి. ఈ రెండు సోమవారాల్లో అడ్డం ఎన్ని ఉండాయో చూడు. ఆదివారం నువ్వు యాడుంటావు?"

"సంతలో. నోటీసులు పంచుతుంటాను."

"మొన్న ఆదివారం వానని పోలేదు గదా. ఈ సోమవారం చూడు."

అక్కడ ఒక్క అడ్డగీత కూడా లేదు.

"నీ ఓల్టేజికి సంత తెలిసి ఉండాదిరా" అంది అత్త. తర్వాత వంగి ఒక మొక్కను పీకి నా చేతిలో పెట్టింది. రెండు కాయలు పగిలి తెల్లటి మొలకలు బయటికి వచ్చి ఉన్నాయి. "పండిన చెనక్కాయకు నీళ్లు ఎక్కువైతే భూమిలోనే మొలుస్తాది. ఇంకా నాలుగు దినాలు ఇట్లే ఆడితే విత్తనం పోయె, నా మాటా పోయె."

స్క్రూలు విప్పి రేకుపెట్టె తెరిచాను. పాత ఫోన్ తెర మీద ఎవరెవరివో మిస్డ్ కాల్స్ బారులు తీరి ఉన్నాయి. జేబులోంచి కరపత్రం తీసి అంకెలు సరిచూశాను. ఒకసారి చూశాక, తప్పు చూశానేమోనన్న ఆశతో ఇంకోసారి చూశాను. ఆ జాబితాలో పైనున్న నంబరుకు నా ఫోన్ నుంచి కాల్ చేశాను.

"సంతలో పంచిన కరపత్రం చూసి ఫోన్ చేసినవారు మీరేనా?"

"పదకొండుసార్లు చేసినా. హేతువాదం సారేనా? కామెర్లకు తాడు కట్టే దామోదరాన్ని, మిల్లులో పనిచేసి రిటైరైనా. దమ్ముంటే చెయ్యమంటిరి, చేసినా. ఒక్కసారీ ఎత్తకపోతిరి. మీరు భయపడినారని మా వీధంతా చెప్పుకుంటా ఉండారు."

నేను సంఘంలో ఆయన భయపడ్డాడని చెప్పుకుంటున్నాను. మా ఇద్దరి విజయాల మధ్య అత్త పంట మునిగింది.

నా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకముందే పెట్టెలోని ఫోన్ మోగింది. మోటారు గర్జించింది. గొట్టంలోంచి దూకిన నీళ్లు నా చెప్పులను ఒక్క విసురులో కాలువలోకి తోసేశాయి. ఇంకెవరో సవాలు స్వీకరించారు.

అత్త ఫ్యూజు పీకి కొంగుకు ముడివేసుకుంది. "ఇంక నానబెట్టేందుకు లేదు. రేపే పీకేయాల. కూలోళ్లు దొరకరు. వాళ్లను పిలు."

"ఎవర్ని?"

"నీకు ఫోను చేసినోళ్లనందర్నీ. వాదానికి రమ్మను. నోరున్నోళ్లకి చేతులు కూడా ఉంటాయి గదా."

జాబితాలో ఉన్న ప్రతివారికీ ఫోన్ చేసి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. అటువైపు నుంచి వచ్చిన నవ్వులన్నీ పోగేస్తే ఒక చేను తడుస్తుంది. మర్నాడు మొదటి బస్సులో పధ్నాలుగు మంది దిగారు. తాయెత్తులవాళ్లు, దిష్టి తీసేవాళ్లు, దామోదరం, వాళ్ల వెనక మా సంఘం ఆరుగురు. గోవిందు చిన్నాయన కూడా వచ్చాడు. పొద్దు తిరిగేదాకా ఒక చేత్తో మొక్కలు పీకుతూ, రెండో చేత్తో వాదిస్తూ చేనంతా ఖాళీ చేశాం. మొలకెత్తినవి ఏరేయగా పన్నెండు ఇళ్లకూ విత్తనం చాలింది. అత్తకు మాత్రం ఉడకబెట్టుకోవడానికి మొలకలు మిగిలాయి. రంగనాథం నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి, అత్త నంబరుకు తప్ప పలకకుండా పెట్టెను మార్చాడు. అత్త మళ్లీ మోటారు కోసం గట్టు ఎక్కలేదు. తర్వాతి పంటకు అదే పెట్టెను గోవిందు చిన్నాయన కూడా పెట్టించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం దామోదరాన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి గీతలు చూపించాను.

"మీరూ ఇట్లా గీయండి. తాడు కట్టినవాళ్లు ఎందరు, తగ్గినవాళ్లు ఎందరు, ముదిరి ఆసుపత్రికి పోయినవాళ్లు ఎందరు. గీసేదాకా ఎవరొచ్చినా ముందు రక్తపరీక్షకు పంపండి."

ఆయన అడ్డగీతలను వేలితో లెక్కపెట్టాడు. "పంపతాను" అన్నాడు. బస్సెక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"ఒకటి చెప్తా, తప్పుగా అనుకోవద్దు సారూ. ఇరవై దినాలు మీ మోటారుతో వాదించినా, ఈ దినం మీతో వాదించినా. మోటారే మేలు. పిలిచినప్పుడల్లా నీళ్లన్నా ఇచ్చె."

బస్సు వెళ్లాక, చేతినిండా మట్టితో, అత్త సాక్షిగా ప్రమాణం చేయబోయాను. హేతువాదికి ప్రమాణం చేయడానికి ఏ దేవుడూ దొరకడని గుర్తొచ్చి, మామూలు మాటగానే చెప్పాను. ఇకమీదట లోకానికి సవాలు విసరదలిస్తే ముందు ఆ నంబరుకు నేనే ఫోన్ చేసి, నేనే ఎత్తి, నాతో నేను వాదించి, మర్యాదగా ఓడిపోయిన తర్వాతే ప్రెస్సు మెట్లెక్కుతాను.