యేసన్న అనుమానం

యేసన్నకు దేవుడి మీద నమ్మకముంది, పెళ్లాం మీద నమ్మకముంది, ఆఖరికి గుంతకల్లు ఆకాశంలో కనిపించే మబ్బు మీద కూడా నమ్మకముంది. లేనిదల్లా ఒక్క ఇనుప పలక మీదే!

ఆ పలక ఉండేది పత్తి మిల్లులో. గింజ తీసిన దూది పెద్ద రేకు గొట్టంలో గాలికి కొట్టుకుపోయి గోడ అవతల గోదాములో పడేది. గొట్టం మధ్యలో పలకను పైకెత్తి, సీసం ముక్క అతికిన తీగతో కట్టారు. నిప్పురవ్వ లేస్తే సీసం కరిగి, తీగ తెగి, పలక ధడేలున పడి నిప్పును ఇవతలే ఆపుతుంది. అది సరిగ్గా పడుతుందో లేదో అప్పుడప్పుడు చూడాలి. ఫిట్టరు యేసన్న లెక్కలో అప్పుడప్పుడంటే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. చూసిన ప్రతిసారీ మిషన్లన్నీ ఆగాల్సిందే.

మేనేజరు బయ్యన్నకు ఒళ్లు మండిపోయేది.

"ఏమప్పా, మళ్లీ ఏమొచ్చె?"

"పలక మీద అనుమానంగా ఉండాదన్నా."

"పొద్దున్నే కదప్పా చూసినావు!"

"పొద్దున బాగుండె. ఇప్పుడు దాని మనసులో ఏముండాదో!"

చుట్టాలింటికి పోయినా యేసన్న ముందు తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి చూశాకే మంచినీళ్లు తాగుతాడని మిల్లులో చెప్పుకుని నవ్వేవాళ్లు. బయ్యన్న మాత్రం నవ్వేవాడు కాదు. ఆగిన ప్రతిసారీ మిల్లు షావుకారు చేత తిట్లు తినేది తనే మరి.

యాభై ఎనిమిదిలో వానలు మొండిచెయ్యి చూపాయి. వచ్చిందే కాస్త పత్తి, ఇక ఆగిన మిషన్ల దగ్గర ఊరికే కూలి ఇవ్వడం దండగ. షావుకారు బయ్యన్నను పిలిచి ఖచ్చితంగా చెప్పేశాడు. "నెలకొకసారి చూస్తే చాలు. ఇంకోసారి పలక పేరు చెప్పి మిషను ఆపితే యేసన్న ఇంటికే."

ఆ మాట చెబితే యేసన్న పోట్లాడతాడనుకున్నాడు బయ్యన్న. "సరేన్నా" అని అతను తల వంచుకున్నాడంతే.

మర్నాడు మధ్యాహ్నం బయ్యన్న గొట్టం దగ్గరే కాపలా నిలబడ్డాడు. వెనక తలుపు అవతల, చూరు కింద, కూలి ఆడవాళ్లు బిడ్డలకు కట్టిన చీరల ఉయ్యాలలు ఉన్నాయి. వాటిలో ఒక బిడ్డ గుక్కపట్టి ఏడుపు అందుకుంది. మిషనులో పత్తి వేస్తున్న హనుమక్కది ఆ బిడ్డ. పాలు చేపి ఆమె రవిక ముందు తడిసిపోయింది. అయినా లేవలేదు. పని వదిలి లేస్తే ఆ పూట కూలి పోతుంది, అది మిల్లు కట్టడి. ఆమె బిడ్డ వైపు చూడలేదు, యేసన్న వైపు చూసింది. ఆడవాళ్లంతా అటే చూశారు. యేసన్న రెంచీ ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

మిషనే ఆగితే ఎవరి కూలీ పోదు. యేసన్నకు అనుమానం వచ్చిన ప్రతిసారీ బయట ఒక బిడ్డ ఏడుస్తూనే ఉండేదని బయ్యన్నకు అప్పుడు తట్టింది. ఓరి నీ అసాధ్యం కూలా! ఇన్నేళ్లూ ఈ మనిషిని పిచ్చివాడని తిట్టానే అనుకుంటే అతనికి సిగ్గేసింది.

"యేసన్నా!"

"ఏమన్నా?"

"ఆ పలక మీద నాకేమో అనుమానంగా ఉండాదప్పా."

యేసన్న హడలిపోయాడు. "లేదన్నా, నిన్ననే చూస్తిమి, బ్రహ్మాండంగా ఉండాది! షావుకారు…"

"షావుకారుకు నేను చెప్పుకుంటా. గోదాము కాలిపోతే ఆర్పేకి నీ తాత వస్తాడా? ఆపప్పా మిషను!"

మిషన్లు ఆగాయి. హనుమక్క పరుగెత్తింది. ధడేలున పలక పడింది. యేసన్న గొట్టంలో తలదూర్చి, దుమ్ము తుడుస్తూ లోపలి నుంచే అరిచాడు.

"ఎంతసేపు తుడవాలన్నా?"

బయ్యన్న వెనక తలుపు వైపు చూశాడు.

"బిడ్డ నిద్రపోయేదాకా తుడువప్పా!"