బలరాం బోర్డు దించితేనే

భద్రాచలంలో గిరిజన సంక్షేమ ఆఫీసు ఎదుటి హోటల్లో, ఏ ఆఫీసరు ఎప్పుడు బదిలీ అవుతాడని పందేలు కాసేవారు. ఆర్డరు వస్తే చాలదు. అటెండరు బలరాం, ఆఫీసరు గది మీది పేరుబోర్డు దించితేనే ఆయన పోయినట్టు లెక్క. బలరాం మాత్రం ఏ పందెమూ కాసేవాడు కాదు. సన్నగా, కాస్త వంగి నడిచే మనిషి. దించిన ప్రతి బోర్డునీ తువాలుతో తుడిచి బీరువా మీద పెట్టేవాడు. 2006 జూలై ఆఖరి రోజున బదిలీ ఆర్డరు వచ్చింది. ఆ సాయంత్రం ఐదులోపు ఆఫీసరు పోతాడని కాసిన కోటేష్ పది నిమిషాల ముందే వరండాలోకి వచ్చాడు.

"బలరామన్నా, ఆర్డరొచ్చింది గద. జల్దీ దించరాదే!"

"సారు లోపల సంతకాలు పెడ్తుండు. గిప్పుడు దించితే, సారు పోయిండని గీ అక్క ఎనక్కి పోతది."

మెట్ల మీద ముత్తక్క, కూతురి హాస్టల్ సీటు కాగితంతో పొద్దుటి నుంచీ కూర్చుని ఉంది.

"నేను ఓడిపోతనే!"

"అవ్, ఓడిపోతవ్" అని బలరాం ఆమెను లోపలికి తీసుకెళ్ళాడు. సంతకం అయి వాళ్ళు బయటికొచ్చేసరికి ఐదు దాటింది, కోటేష్ వెళ్ళిపోయాడు. చదువురాని ముత్తక్క కాగితం బలరాం చేతికిచ్చి, ఏం రాసుందో చెప్పమంది.

"మడివి యశోద, ఐదో తరగతి."

"ఇంకోసారి సదువన్నా" అందామె.