నసీమాది ఏ మీడియం?

కరోనా అయిపోయి బడులు మళ్లీ తెరిచిన ఏడాది. అప్పుడు నేను రిసోర్స్ టీచర్‌ని. అంటే చూపు, వినికిడి, నడక సరిగా లేని పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో వెతికి బడిలో చేర్పించే పని. ఇల్లు హిందూపురం, ఆఫీసు పెనుకొండ, తిరుగుడంతా ధర్మవరం వీధుల్లో. నాకు నోరు ఎక్కువని ఆఫీసులో పేరు. ఉద్యోగం అట్లాంటిది, నోరు లేకుంటే జరగదు.

ధర్మవరంలో మగ్గాల వీధికి హోమ్ విజిట్‌కు, అదే ఇల్లిల్లూ చూసి రావడానికి పోయినప్పుడు నసీమా కనపడింది. పదేళ్ల పిల్ల. పుట్టు చెవుడు, అందుకే మాట రాలేదు. వాళ్లమ్మ మాబున్ని అచ్చులు అతికే కూలికి పోతుంది. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాల. నసీమా కూడా అమ్మ పక్కన కూర్చుని అదే పని చేస్తాంది. నన్ను చూడగానే లేచి, గూట్లోంచి చెల్లెలి పుస్తకం తెచ్చింది. వరస మీద వేలు పెట్టి, పెదాలు గబగబా ఆడించి చూపించింది. గొంతులోంచి శబ్దం లేదు. చెల్లెలు రోజూ చదువుతుంటే చూసి, చదవడమంటే అంతే అనుకునింది పాపం.

"బడికి ఎందుకు పంపలేదు మాబున్నీ?" అన్నాను.

"యాడికి పంపేది మేడమ్? ఉర్దూ బడికి పోతే, చెవుడు పిల్లకు మేమేం చెప్తామమ్మా అనిరి. తెలుగు బడికి పోతే, మీ వాళ్లకు ఉర్దూ బడి ఉండాది కదా, ఆడికే పో అనిరి. వీధిలో వాళ్లేమో, ఆడపిల్ల, మూగది, చేతిలో పని ఉండాది, ఇంగేం కావల్ల అంటారు. చెప్పులరిగేట్టు తిరిగినా." పోగు మెలిపెట్టడం ఆపి బిడ్డ వైపు చూసింది. "ఆకలైతే పొట్ట చూపిస్తాది. నిద్రొస్తే చెంప కింద చెయ్యి పెట్టుకుంటాది. ఇంగ దాని మనసులో ఏముందో నాకు తెలీదు మేడమ్. ఒక్కసారి తెలిస్తే చాలు అనిపిస్తాది."

ఆసుపత్రిలో ఆడియోగ్రామ్ తీయించాం. ఏ చెవికి ఎంత శబ్దం వినపడుతుందో గీతల్లో చూపే పరీక్ష అది. రెండు చెవులూ దాదాపు లేనట్టే, మిషన్ పెట్టినా లాభం లేదన్నారు. ఇక మిగిలింది సైన్, చేతులతో మాట్లాడే భాష. ట్రైనింగులో నేనూ కొంచెం నేర్చుకున్నాను. హిందూపురం వైపు చెవిటి పిల్లల హాస్టల్ బడి ఒకటుంటే తల్లీబిడ్డలను అక్కడికి తీసుకుపోయాను.

అక్కడి పెద్దసారు మంచివాడే. ఉద్యోగమంతా చెవిటి పిల్లలతోనే గడిపిన మనిషి. పేరు, ఊరు అడిగి తల అడ్డంగా ఊపాడు. "ఇంట్లో ఉర్దూ కదా మేడమ్. మాది తెలుగు మీడియం. పాపకు కష్టమైతాది."

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. "ఈ పిల్లకు ఉర్దూ యాడొచ్చు సార్? పుట్టినప్పట్నుంచి వాళ్లమ్మ గొంతే వినలేదు. ఏ భాషా వినపడని పిల్లకు మీడియం ఏంది?"

పేరు చూసి మీడియం చెప్పేయడం అంత అలవాటైపోయింది మనకు. అయినా ఆయన ఊరుకోలేదు. "అది కాదు మేడమ్. వాళ్ల తిండీ గిండీ వేరు. ఆడపిల్లలకు ఉండేది ఒకటే గది. మిగతా తల్లిదండ్రులు ఏమంటారో..."

"ఆ మాట నాకెందుకు చెప్తారు సార్? వాళ్లమ్మకు చెప్పండి. ఆమెకు బాగా వినపడతాది, తెలుగు కూడా వచ్చు."

మాబున్ని తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆయన ఆమె ముఖం చూశాడు. రిజిస్టరు తెరిచి పాప పేరు రాసుకుని, సోమవారం తీసుకురమ్మన్నాడు.

ఆ హాస్టల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పిల్లలు కుదురుకునేదాకా, ఒక నెల పాటు ఇంటివాళ్లు రాకూడదు. మాట తెలిసిన పిల్లకైతే నెల తర్వాత వస్తానని చెప్పొచ్చు. నసీమాకు ఎట్లా చెప్పేది? మాబున్ని చేతులు తిప్పి, కళ్లు తిప్పి ఏమేమో చూపించింది. ఆ పిల్ల నవ్వుతా అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది, అమ్మ కూడా ఈడనే ఉంటాదనుకుని. ఆ చెయ్యి విడిపించుకుని వచ్చేసింది తల్లి. తిరుగు రైలు పెనుకొండ చేరుతుంటే, "వదిలేసి పోయిందనుకుంటాదేమో మేడమ్" అని కొంగు నోట్లో కుక్కుకునింది. ఆఫీసుకు నేను దిగాల్సిన స్టేషన్ అది, దిగలేకపోయాను. ధర్మవరం దాకా ఆమె పక్కనే కూర్చున్నాను.

ఆ నెలంతా రోజూ ఫోనే. "తినిందంటనా మేడమ్? నిద్రపోయిందంటనా?" ఒకరోజు నాకు విసుగొచ్చి, "నువ్వే ఫోన్ చేసి మాట్లాడరాదా?" అనేసి నాలుక కరుచుకున్నాను. "వీధిలో ఎవరి పిల్ల అమ్మీ అని అరిచినా తిరిగి చూస్తాండా మేడమ్" అనింది. "మాది పిలవదని తెలిసి కూడా."

నెల నిండిన ఆదివారం ఇద్దరం పోయాం. నసీమా వరండాలో నిలబడి ఉంది. పరిగెత్తుకొస్తుందనుకున్నాం, రాలేదు. అమ్మ ముఖంలోకి చూస్తా చేతులతో ఏదో అనింది, కోపంగా.

మాబున్ని బిత్తరపోయింది. "ఏమంటాంది మేడమ్?"

"ఇన్ని దినాలు ఎందుకు రాలేదని అడుగుతాంది."

"నన్నా? నన్నేనా అడిగింది?" మెట్ల మీద కూలబడిపోయింది. బిడ్డ పుట్టినాక తల్లిని అడిగిన మొదటి ప్రశ్న అది. "ఇంగోసారి అడగమను మేడమ్" అనింది ఏడుస్తా.

నసీమా మళ్లీ అడిగింది, ఈసారి ఇంకా కోపంగా.

పిల్లల హక్కుల గురించి ట్రైనింగుల్లో చాలా విన్నాను, ఊర్లలో నేనూ చాలా చెప్పాను. చెవిటిదని ఒకరు, ముసల్మానుల పిల్లని ఒకరు, ఆడపిల్లని ఒకరు పక్కకు తోసేస్తే ఆ బిడ్డ ఏం పోగొట్టుకుందో మాత్రం ఆ మెట్ల దగ్గరే తెలిసింది. అమ్మతో పోట్లాడే మాట కూడా లేకుండా పదేళ్లు ఉంచాం దాన్ని. ఆ పదేళ్లు మాబున్నికి ఎవరు తెచ్చిస్తారు?