కంచె పడిన ఏడు మా కర్బూజ వాడి

మా చిన్నప్పుడు... చలికాలం రాగానే గంగ లోపలికి తగ్గి, ఒడ్డంతా ఇసుక తేలేది. మరాఠీ సరిహద్దులో ధర్మాబాద్ దగ్గర మా ఊళ్లో గోదావరిని గోదావరి అని ఎవరూ అనరు... గంగ అంటారు.

భూమి లేని మా బోటివాళ్లకు ఆ ఇసుకే చేను. గుంతలు తీసి, పెంట ఎరువు నింపి, కర్బూజ గింజలు పెట్టేవాళ్లం. ఆ తోటనే వాడి అంటారు. పక్కనే చెలిమ తవ్వితే నీళ్లు ఊరేవి. చిన్న కుండతో ముంచి పాదు పాదుకూ పోసేవాళ్లం. ఎండాకాలం దాకా గుడిసె అక్కడే, పొయ్యి అక్కడే. పొద్దుగూకితే ఈ గుడిసె నుంచి ఆ గుడిసెకు తిట్లు, నవ్వులు...

ఒక పద్ధతి ఉండేది. వాడిలో పండిన మొదటి కాయ మనం తినకూడదు. పక్క వాడి వాళ్లకు ఇవ్వాలి. వాళ్లు తిని "తియ్యగున్నది" అంటేనే మిగతా కాయలు తెంపాలి. చప్పగా ఉన్నా తియ్యగుందనే అనేవాళ్లు... అది వేరే సంగతి.

ఊరికీ ఇసుకకూ నడుమ ఒక పటేలు చేను ఉండేది. అందరి బాటా దాని గట్టు మీదుగానే. ఒక ఏడు పటేలు ఆ చేను పట్నం సావుకారికి అమ్మేశాడు. మా తీగలు పూత మీద ఉండగా ముళ్ల తీగ కంచె పడింది. కావలికి మా ఊరి సాయన్నను పెట్టారు. వరసకు మా అమ్మకు బావ.

"ఏంది బావా, మరదలికే అడ్డం గట్టినవా?" అని అమ్మ నవ్వుతూనే అడిగింది.

"చేను నాదా? ఎవర్నన్న ఇడిస్తె నా నౌకరి పోతది."

"మంచిగ జెయ్యి నౌకరి. నీ పెండ్లాం గంగకు వస్తె సుత ఆపు మరి."

"నీ నోరు పాడుగాను..." అని అతనూ నవ్వాడు. కంచె మాత్రం తెరవలేదు.

పెంట తేవాలన్నా, పిండి తేవాలన్నా, కాయలు బజారుకు మోయాలన్నా ఊళ్లోకి పోవాల్సిందే కదా. బాట లేక ఒక్కొక్క ఇల్లే వాడి వదిలేసి ఇటుక బట్టీలకు పోయింది. మా నాయన అప్పటికే చెరుకు కొట్టడానికి పోయి ఉన్నాడు. వాడి ఎండితే ఆ ఏడు మాకు తిండి లేదు. అమ్మ వదల్లేదు. కంచె నీళ్ల అంచు దాకానే ఉంది. అమ్మ చీర పైకి దోపి, పెంట బుట్ట నెత్తిన పెట్టుకుని నీళ్లలోంచి చుట్టు తిరిగి పోయేది. వెనకాల నేను...

సాయంత్రం అంత ఇసుకలో మాది ఒక్కటే పొయ్యి. ఖాళీ గుడిసెల మీది గడ్డి గాలికి లేచిపోతుండేది. అమ్మ మాటలు తగ్గిపోయాయి. నాకూ మాట్లాడకుండా ఉండటం అప్పుడే అలవాటైంది అనుకుంటా.

మొదటి కాయ పండింది. గుడిసె అంతా వాసన... పక్క వాడిలో ఎండిన తీగలే ఉన్నాయి, ఎవరికి ఇవ్వాలి? నేను ఆశకు చెయ్యి పెడితే అమ్మ చెయ్యి మీద ఒక్కటి వేసింది. కాయను చంకన పెట్టుకుని కంచె దగ్గరికి నడిచింది.

"బావా, ఇగో. తిని చెప్పు."

"నాకెందుకే?"

"పక్కకు ఇంకెవలున్నరు, నువ్వు దప్ప?"

సాయన్న దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. కాయ కంచె సందులో పట్టలేదు. అమ్మ పైనుంచి అందించింది, మోచెయ్యి గీరుకుంది. అతను మోకాలికి కొట్టి పగలగొట్టి, నిలబడే తిన్నాడు. చాలాసేపు నమిలాడు.

"తియ్యగున్నది" అన్నాడు, మా వైపు చూడకుండా. "సావుకారికి చెప్పకుండ్రి."

కంచె ఆ రోజూ తెరవలేదు. కాయలన్నీ నీళ్లలోంచే మోశాం. తిండికి సరిపోయింది. మరుసటి ఏడు అమ్మ కూడా బట్టీకి పోయింది.

ఇప్పుడు ఆ చేనును సర్కారు తీసుకుంది. ఒడ్డు కోతపడకుండా కాపాడాలని, గంగ దగ్గరికి అందరూ పోవాలని. కంచె పీకేశారు. చెట్లు నాటారు, రాళ్ల బాట వేశారు, మెట్లు కట్టారు. ఇసుకలో పంట పెట్టకూడదని బోర్డు కూడా పెట్టారు. తప్పని నేననను. ఇసుక తవ్వి తవ్వి ఒడ్డు ఎంత మిగిలిందో చూసినవాణ్ణే...

ధాన్యం అమ్మిపెట్టే అడతి దుకాణంలో నా లెక్కల పని అయ్యాక అప్పుడప్పుడు అక్కడికి పోతాను. మొన్న మెట్ల మీద కూర్చుంటే అక్కడి కాపలా పోరడు వచ్చి మరాఠీలో మర్యాదగా అడిగాడు... "కాకా, ఏ ఊరి నుంచి వచ్చారు?"

"ఈ ఊరే."

"అవునా? ఎప్పుడూ చూడలేదే!" అని నవ్వి పోయాడు.

అవును, ఈయన ఇక్కడివాడే అని చెప్పడానికి పక్కన ఒక్కరూ లేరు. అమ్మ లేదు. సాయన్న పెదనాయన లేడు. బట్టీలకు పోయినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు.

మీలో ఎవరైనా ఇట్లా ఏటి ఇసుకలో పెరిగారా? ఉంటే ఒక మాట రాయండి... ఇటువైపు వస్తే చెప్పండి. బాట బాగుంది, ఎవరూ ఆపరు. ఒక్కణ్ణే నడిస్తే మాత్రం గంగ చాలా దూరం అనిపిస్తోంది.